శుక్లాల ఆపరేషనూ - సిలిండర్ నంబరూ



ఇవాళ కళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ‘కళ్ళ గురించి వినని దేముంది, ఆకుకూరలు తినమంటారు, క్యారెట్ తినమంటారు, అంతేగా’ అనుకోకండి. శుక్లాల ఆపరేషన్‌లో ఒక చిన్న సంగతి ఉంది. చిన్నదే గానీ, ఆపరేషన్ అయ్యాక మనకు చూపు ఎంత స్పష్టంగా ఉంటుందన్నది చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది. తీరా దాని గురించి మనం నిర్ణయం చెప్పవలసింది మాత్రం ఆస్పత్రిలో అయిదు నిమిషాల్లో!

ఎలాగంటారా? అత్తగారినో, అమ్మనో తీసుకుని కంటి ఆస్పత్రికి వెళతాం. డాక్టరుగారు చూసి, ‘శుక్లం వచ్చిందమ్మా, తీసేద్దాం’ అంటారు. తర్వాత పక్కగదిలో ఒకమ్మాయి కాగితం ముందు పెట్టి, ‘అమ్మగారికి సిలిండర్ ఉంది. మామూలు లెన్సు వేయమంటారా, టోరిక్ లెన్సు వేయమంటారా? దానికి ఖరీదు ఎక్కువ’ అంటుంది. సిలిండర్ అంటే మనకు తెలిసింది గ్యాసు బండ ఒక్కటే. కంట్లో సిలిండరేమిటో, టోరిక్ ఏమిటో అడగడానికి మొహమాటం. వారివంక చూస్తాం. వారు గోడవంక చూస్తారు. చివరికి, ఖరీదైనదే మంచిది కాబోలని ఒకరు, ఇదంతా డబ్బు గుంజడానికేనని ఇంకొకరు, ఏదో ఒకటి అనేసి వచ్చేస్తాం. రెండూ తొందరపాటే. అసలు సంగతి తెలిస్తే నిర్ణయం మనమే చేసుకోవచ్చు.

ముందు కన్ను ఎలా చూస్తుందో చెప్పుకుందాం. మన కంట్లో రెండు అద్దాలున్నాయి. ఒకటి ముందువైపు, నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా తేటగా ఉండే పొర. దీన్ని కార్నియా అంటారు. రెండోది లోపల, కంటిపాప వెనకాల ఉండే లెన్సు. బయటి వెలుతురును వంచి వెనకనున్న తెర మీద పడేసే పనిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు కార్నియాదే. మిగిలింది లోపలి లెన్సుది. వయసు మీద పడ్డకొద్దీ ఈ లోపలి లెన్సు తేటదనం పోయి గంజిలా మసకబారుతుంది. అదే శుక్లం. ఆపరేషన్‌లో ఆ మసకబారిన లెన్సును తీసి, దాన్ని చుట్టి ఉన్న పల్చటి సంచీని మాత్రం అలాగే ఉంచి, అందులో కృత్రిమ లెన్సు అమరుస్తారు.

మరి సిలిండర్ ఎక్కడిది? అది చాలావరకు ముందున్న కార్నియాలో ఉంటుంది. వంటింట్లోంచి ఒక గుంటగరిటె, ఒక చెంచా తెచ్చి బోర్లించి చూడండి. గుంటగరిటె వీపు ఎటునుంచి ఎటు చూసినా ఒకే వంపు. చెంచా వీపు అలా కాదు. పొడవునా వంపు తక్కువ, అడ్డంగా వంపు ఎక్కువ. కార్నియా గుంటగరిటెలా ఉంటే వెలుతురంతా ఒకే చుక్క దగ్గర కూడుకుంటుంది. చెంచాలా ఉంటే నిలువు గీతల వెలుతురు ఒకచోట, అడ్డగీతల వెలుతురు ఇంకోచోట కూడుకుంటుంది. దీన్నే డాక్టర్లు ఆస్టిగ్మాటిజం అంటారు. ఇది ఉన్నవాళ్ళకు అక్షరాలకు నీడలు కనిపిస్తాయి. బస్సు మీద 3 అంకె 8 లాగా అగుపిస్తుంది. రాత్రిపూట వీధిదీపం చుట్టూ గీతలు సాగినట్టుంటుంది. దూరానిదీ దగ్గరదీ కూడా కాస్త చెదిరినట్టే ఉంటుంది.

ఇది కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బు కాదు. ఇంగ్లండులో థామస్ యంగ్ అనే శాస్త్రవేత్త 1801లో తన కంట్లోనే దీన్ని కనిపెట్టాడు. 1825లో జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు తన ఎడమ కంటికి ఈ దోషం ఉందని గుర్తించి, ఒక దిక్కున మాత్రమే వంపు ఉన్న అద్దం చేయించుకుని పెట్టుకున్నాడు. అలాంటి వంపు స్తంభానికి, గొట్టానికి ఉంటుంది కదా, అందుకని దానికి సిలిండర్ అని పేరు. మీ కళ్ళజోడు చీటీ తీసి చూడండి. మొదటి అంకె మామూలు నంబరు. రెండోది సిలిండర్. మూడోది, 180 లోపు ఉండే అంకె, ఆ వంపు ఏ దిక్కున ఉందో చెప్పేది. దాన్ని యాక్సిస్ అంటారు. ఈ మూడో అంకెను గుర్తుపెట్టుకోండి, దానితో మనకు ముందు పని ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. శుక్లం తీశారు, లోపల మంచి లెన్సు పెట్టారు. కానీ ముందున్న కార్నియా చెంచాలాగే ఉండిపోయింది. అప్పుడు మసకైతే పోతుంది గానీ నీడలు పోవు. మా వీధిలో ఒక పెద్దావిడకు ఇలాగే అయింది. ఆపరేషన్ అయి నెల దాటినా టీవీలో అక్షరాలు చెదిరి కనిపిస్తుంటే, ‘ఆపరేషన్ పాడైపోయింది, నా కన్ను పోయింది’ అని ఆవిడ ఒకటే దిగులు. ఇంట్లోవాళ్ళు మళ్ళీ చూపిస్తే తేలింది ఏమిటంటే, ఆపరేషన్ లక్షణంగా ఉంది, మిగిలింది సిలిండర్ నంబరే! కళ్ళజోడు వేయిస్తే వారంలో పేపరు చదవడం మొదలుపెట్టారు. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నెలరోజుల దిగులు తప్పేది కదా!

ఇలాంటివాళ్ళు తక్కువేమీ కాదు. శుక్లాల ఆపరేషన్‌కు వచ్చే కళ్ళల్లో సుమారు మూడింట ఒక వంతుకు ఒక డయాప్టరో అంతకన్నా ఎక్కువో సిలిండర్ ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. డయాప్టర్ అంటే కళ్ళజోడు నంబరును కొలిచే కొలత. ముప్పావు డయాప్టర్ లోపు ఉంటే మనలో చాలామంది గమనించం కూడా. ఒకటిన్నర, రెండు అయితే కళ్ళజోడు లేకుండా ఇబ్బందే.

ఇంకో విశేషం, ఆపరేషన్ కూడా సిలిండర్‌ను తెచ్చిపెట్టగలదు. కుట్టుపని వచ్చినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. వెనకటి పద్ధతిలో లెన్సును ముక్క చేయకుండా తీసేవారు కనుక కార్నియా అంచున 10, 12 మిల్లీమీటర్ల కోత పెట్టి కుట్లు వేసేవారు. కుట్టు బిగిస్తే జాకెట్టు గుడ్డ ఎలా లాక్కుపోతుందో, కార్నియా కూడా ఆ దిక్కున అలాగే లాక్కుపోయి వంపు పెరిగేది. అందుకే కొన్ని వారాల తర్వాత డాక్టరు కొలత చూసి, బిగిసిన కుట్టును తీసేసేవారు. మన అమ్మమ్మల కాలంలో ఆపరేషన్ తర్వాత రెండు నెలలదాకా కళ్ళజోడు రాసివ్వకపోవడానికి ఇదొక కారణం.

1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టరు, లెన్సును లోపలే సూక్ష్మమైన శబ్ద తరంగాలతో పగలగొట్టి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. దాన్ని ఫాకో అంటారు. మడత పెట్టే లెన్సులు కూడా వచ్చాక కోత 2 నుంచి 3 మిల్లీమీటర్లకు తగ్గిపోయింది. కుట్టు అక్కర్లేదు. కోత ఎంత చిన్నదైతే కార్నియా ఆకారం అంత తక్కువ మారుతుంది. మన దేశంలో, నేపాల్‌లో విరివిగా చేసే ఇంకో పద్ధతి ఉంది. 6, 7 మిల్లీమీటర్ల కోతను తెల్లగుడ్డులో సొరంగంలా పెడతారు. అదీ కుట్టు లేకుండానే మూసుకుంటుంది. ఖర్చు తక్కువ. కాఠ్మాండూలోని తిల్‌గంగా ఆస్పత్రి డాక్టరు సందూక్ రూయిత్ ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో ఒకరు. అక్కడ 108 మందికి ఈ రెండు రకాల ఆపరేషన్లూ చేసి పోల్చి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలల తర్వాత చూపు రెండింటిలోనూ ఇంచుమించు సమానమే! కాబట్టి ఫాకో చేయించుకోలేకపోయామని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

సరే, ఆపరేషన్‌లోనే సిలిండర్‌ను ఎలా సరిచేస్తారు? మూడు దారులున్నాయి.

మొదటిది, కోత పెట్టే చోటును ఎంచుకోవడం. జాకెట్టు ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడ కుట్టు విప్పి వదులు చేస్తాం కదా! అలాగే కార్నియా ఏ దిక్కున ఎక్కువ వంపుగా ఉందో ఆ దిక్కున కోత పెడితే అక్కడ కాస్త వదులై వంపు తగ్గుతుంది. వయసులో ఉన్నప్పుడు మనలో ఎక్కువమందికి నిలువు వంపు ఎక్కువ. పెద్దతనంలో అది మారి అడ్డవంపు ఎక్కువవుతుంది. అలాంటివాళ్ళకు పైన, అంటే కనుబొమ వైపు కోత పెడితే ఉన్న సిలిండర్ ఇంకా పెరుగుతుంది. కణత వైపు కోత పెడితే కొంత తగ్గుతుంది. అదనపు లెన్సు లేదు, అదనపు ఖర్చు లేదు, కోత చోటు మారింది, అంతే. అయితే దీంతో తగ్గేది కొంచెమే.

రెండోది, వంపు ఎక్కువగా ఉన్న దిక్కున కార్నియా అంచున వంకీ తిరిగిన చిన్న గాట్లు పెట్టడం. ఇవి లోపలికంటా దిగవు. పొర మందంలో చాలాభాగం దాకా వెళ్ళి ఆగుతాయి. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్‌ను ఒకవైపు నొక్కితే రెండోవైపు సాగుతుంది చూడండి, అలా గాటు పడ్డ దిక్కున వంపు తగ్గుతుంది, దానికి అడ్డదిక్కున కొంచెం పెరుగుతుంది. రెండూ సమానానికి వస్తాయి. వజ్రపు అంచు ఉన్న కత్తితో చేస్తారు, కొన్నిచోట్ల లేజర్‌తో చేస్తారు. ఒకటి, ఒకటిన్నర డయాప్టర్ల దాకా ఇది పనికొస్తుంది. కాకపోతే గాయం మానే తీరు అందరికీ ఒకేలా ఉండదు కనుక ఫలితం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొన్నాళ్ళు కంట్లో ఇసుక పడ్డట్టు, తడి ఆరినట్టు ఉండవచ్చు.

మూడోది, ఆ అమ్మాయి చెప్పిన టోరిక్ లెన్సు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లే అనే డాక్టరు మొట్టమొదట మనిషి కంట్లో కృత్రిమ లెన్సు అమర్చాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళపైగా లోపలి లెన్సులన్నీ గుంటగరిటె మాదిరివే. 1992లో జపాన్‌లో కిమియా షిమిజు అనే డాక్టరు సిలిండర్ నంబరును కూడా కలిపిన లెన్సును కంట్లో పెట్టాడు. కార్నియా ఏ దిక్కున ఎంత చెంచాలా ఉందో, దానికి సరిగ్గా విరుగుడుగా లెన్సు వంపు ఉంటుందన్నమాట. రెండూ కలిసి వెలుతురును ఒకేచోటికి తెస్తాయి. ఎక్కువ సిలిండర్ ఉన్నవాళ్ళకు, గాట్ల కన్నా ఇదే నమ్మకమైన దారి. చాలా రకాల్లో కార్నియా లెక్కన 4 డయాప్టర్ల దాకా దొరుకుతాయి. మన దేశంలో తయారయ్యేవీ ఉన్నాయి.

కానీ దీంట్లో ఒక మెలిక ఉంది. కళ్ళజోడు చీటీలో మూడో అంకె గుర్తుందా? మామూలు లెన్సు గుండ్రం గనుక లోపల కొంచెం తిరిగినా ఫరవాలేదు. టోరిక్ లెన్సు మాత్రం సరిగ్గా ఆ దిక్కునే నిలవాలి. అది ఒక డిగ్రీ తిరిగితే చేయవలసిన పనిలో సుమారు 3.3 శాతం పోతుంది. గడియారంలో ఒక నిమిషం గీతకూ మరో నిమిషం గీతకూ మధ్య 6 డిగ్రీలు. అంటే ఒక్క నిమిషం గీతంత పక్కకు జరిగితే అయిదో వంతు ఫలితం పోయినట్టే. గంట అంకెకూ గంట అంకెకూ మధ్య 30 డిగ్రీలు. అంత తిరిగితే టోరిక్ పెట్టించినా పెట్టించనట్టే. అంతకు మించితే ఉన్న సిలిండర్ ఇంకా పెరుగుతుంది. అందుకే కొలతలోనూ, అమర్చడంలోనూ అంత జాగ్రత్త!

ఆ జాగ్రత్తలో మన వంతూ ఉంది. ఆపరేషన్‌కు ముందు కార్నియా వంపును యంత్రంతో కొలుస్తారు. కాంటాక్టు లెన్సులు వాడేవాళ్ళు కొలతకు ముందు వాటిని కొన్నాళ్ళు మానెయ్యాలి. ఎన్నాళ్ళన్నది డాక్టరు చెబుతారు. కళ్ళు తడి ఆరిపోయే బాధ ఉంటే ముందు దానికి మందు వేసుకోవాలి, లేకపోతే కొలత తప్పుతుంది. నల్లగుడ్డు మీదికి కండ పెరిగి ఉంటే అది కూడా కార్నియాను లాగి సిలిండర్ తెస్తుంది. పాత కళ్ళజోడు చీటీ తప్పకుండా తీసుకెళ్ళండి. అయితే కళ్ళజోడులోని సిలిండర్ నంబరూ, ఆపరేషన్‌కు లెక్కవేసే నంబరూ ఒకటే కానక్కర్లేదు. ఎందుకంటే కళ్ళజోడు నంబరులో మసకబారిన పాత లెన్సు వాటా కూడా కలిసి ఉంటుంది. ఆ లెన్సుతోపాటు దాని వాటా కూడా పోతుంది. కార్నియా వెనకవైపు వంపును కూడా లెక్కలోకి తీసుకోవాలని అమెరికాలో డగ్లస్ కోచ్ అనే డాక్టరు, ఆయన సహచరులు 2012లో చూపించారు. అప్పటినుంచి లెక్కలు ఇంకా మెరుగయ్యాయి.

ఆపరేషన్ రోజున కూర్చోబెట్టి కంటి మీద సిరా గుర్తులు పెడితే కంగారుపడకండి. మనిషి పడుకుంటే కనుగుడ్డు లోపల కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. అందుకే కూర్చున్నప్పుడే అడ్డగీత గుర్తు పెట్టుకుని, పడుకున్నాక ఆ గుర్తును బట్టి లెన్సును తిప్పి నిలబెడతారు. కొన్నిచోట్ల సిరా బదులు కంప్యూటరు ఫోటో సాయంతో చూస్తారు.

లెన్సు తిరగడమంటూ జరిగితే ఎక్కువగా మొదటి కొద్ది గంటల్లో, మొదటి రోజుల్లోనే జరుగుతుంది. అందుకని ఇంటికి వచ్చాక కన్ను నలపకూడదు, కంటి మీద ఒత్తిడి పడకూడదు. బరువులెత్తడం, తలస్నానం ఎప్పటినుంచో డాక్టరు చెప్పిందాకా ఆగాలి. చూపు అనుకున్నంత తేటగా లేదనిపిస్తే ‘ఇంకా సర్దుకుంటుందిలే’ అని నెలలు గడపకుండా, చూపించుకోండి. లెన్సు తిరిగితే మొదటి కొద్దివారాల్లో దాన్ని మళ్ళీ సరిగ్గా తిప్పడం తేలిక. ఆలస్యమైతే సంచీ దాన్ని పట్టేసుకుంటుంది.

టోరిక్ అందరికీ పనికిరాదు. కార్నియా మీద మచ్చలున్నా, శంఖంలా పొడుచుకొచ్చే జబ్బున్నా, వంపు ఎగుడుదిగుడుగా ఉన్నా దానివల్ల అనుకున్న ఫలితం రాకపోవచ్చు. చక్కెరజబ్బు వల్ల వెనక తెర బాగా దెబ్బతింటే ఎంత మంచి లెన్సయినా చేసేది తక్కువ. ఆపరేషన్ మధ్యలో లోపలి సంచీ చిరిగితే డాక్టరు టోరిక్ మానేసి వేరే లెన్సు పెట్టవలసి రావచ్చు. అది మోసం కాదు, కన్ను క్షేమం కోసమే.

ఇంకొకటి. టోరిక్ పెట్టించుకుంటే చత్వారం పోతుందనుకోవద్దు. దూరానికి సరిచేసిన మామూలు టోరిక్ అయితే దూరంవి చక్కగా కనిపిస్తాయి. బియ్యంలో రాళ్ళేరడానికి, సూదిలో దారం ఎక్కించడానికి దగ్గర కళ్ళజోడు కావలసిందే.

మరి డబ్బు? నిక్కచ్చిగా చెప్పాలంటే, శుక్లం తీయించుకోవడం అవసరం, టోరిక్ వేయించుకోవడం సౌకర్యం. ఈ రెండింటినీ కలిపి చూడొద్దు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. మామూలు లెన్సు పెట్టించుకుని, మిగిలిన సిలిండర్‌కు కళ్ళజోడు పెట్టుకుంటే చాలామందికి చూపు అంతే తేటగా ఉంటుంది. అంత డబ్బు లేదు కాబట్టి అసలు ఆపరేషనే వద్దనుకోవడం మాత్రం తగదు. అలాగే, శక్తి ఉండి, రెండు డయాప్టర్ల సిలిండర్ ఉండి, కళ్ళజోడు లేకుండా తిరగాలన్న కోరిక ఉంటే టోరిక్ వేయించుకోవడం విలాసమూ కాదు.

కాగితం, కలం పక్కనుంటే రాసుకోండి. డాక్టరుగారిని ఇవి అడగండి. నాకు కార్నియాలో సిలిండర్ ఎంత ఉంది? కోత ఎటువైపు పెడతారు, దానివల్ల సిలిండర్ తగ్గుతుందా, పెరుగుతుందా? మామూలు లెన్సు వేస్తే ఎంత మిగులుతుంది, అది కళ్ళజోడుతో పోతుందా? టోరిక్ వేస్తే ఎంత తగ్గవచ్చు? లెన్సు తిరిగితే మళ్ళీ సరిచేయడానికి వేరే డబ్బు కట్టాలా? ఆపరేషన్ అయ్యాక లెన్సు పెట్టె మీది చీటీ అడిగి తీసుకుని, దాచుకోండి. ఈ ప్రశ్నలకు ఏ డాక్టరూ విసుక్కోరు. విసుక్కున్నా ఫరవాలేదు. కన్ను మనది.

చివరగా ఒక్క మాట. మన ఇళ్ళల్లో మగవారి కంటికి వెంటనే తేదీ దొరుకుతుంది. ఆడవాళ్ళది అమ్మాయి పురుడయ్యాక, అబ్బాయి పరీక్షలయ్యాక, పండగ వెళ్ళాక అంటూ వాయిదా పడుతూ ఉంటుంది. శుక్లం ముదరాలన్నది పాతకాలపు మాట. ఇప్పుడు రోజువారీ పనికి అడ్డం వస్తే చాలు, తీయించుకోవచ్చు. ముదిరి గట్టిపడితే ఆపరేషనే కష్టం. మెట్టు కనపడక పడితే తుంటి విరుగుతుంది. అప్పుడు వాయిదా వేసిన ఖర్చుకు పదింతలు అవుతుంది. ఈ ఆదివారం తీరిక చేసుకుని, మీ అత్తగారిని, అమ్మగారిని, అలాగే మిమ్మల్ని కూడా, ఒక్కొక్క కన్ను మూసుకుని గోడ మీది క్యాలెండరు చదవమని చూడండి. అక్షరాలకు నీడలుంటే సోమవారమే బయలుదేరండి.